నల్లమ్మ దొరగడ్డలకు బాలింత పొగ పెట్టిన సంగతి

నేను చెప్పేది నమ్మనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావాళ్లు నాతోపాటు పెనుకొండ స్టేషను ప్లాట్‌ఫారం మీదికి రండి. అది పందొమ్మిది వందల యాభైతొమ్మిది, మే నెల. ప్లాట్‌ఫారం రాళ్ల మీద గుడ్డు పగలగొడితే అట్టు అయ్యేది. నేను పగలగొట్టి చూశాను. ఉప్పు ఒక్కటే తక్కువైంది.

గేటు పక్కన నా టీ కొట్టు. దానికి పదడుగుల అవతల నాలుగు మట్టి కుండలు, ఒక ఇత్తడి చెంబు, వాటి వెనక నల్లమ్మ. బండి ఆగగానే కిటికీ కిటికీకీ తిరిగి నీళ్లు పోయడం ఆమె కొలువు. నలభై ఏళ్ల మనిషి. గొంతు విప్పిందంటే ఇంజను కూత దానికి చెల్లెలు.

పుట్టింది ముదిగుబ్బ దగ్గర ఒక మెట్టపల్లెలో, గొర్రెలు కాసే ఇంట్లో. గొర్రె ఈనలేక అవస్థ పడుతుంటే పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే చెయ్యి పెట్టి, పిల్లను తిప్పి బయటికి తీసేదట. వాళ్ల అవ్వ మంత్రసాని. గొర్రెల దగ్గర నేర్చిన చేతికి అవ్వ మనుషుల పని కూడా అప్పగించింది. తర్వాత పెళ్లయి పెనుకొండ వచ్చింది. మొగుడు మల్లప్ప రైలు కట్ట మీద గ్యాంగు పని చేసేవాడు. ఆయన విషజ్వరంతో పోయాక ఆమెకు స్టేషనులో టెంపరరీగా నీళ్ల పని ఇచ్చి, గ్యాంగు కూలీల లైను ఇళ్లలో ఒక గది ఉంచుకోనిచ్చారు. కాన్పులు మాత్రం ఎవరు పిలిచినా పోయి చేసేది. మా ఆవిడ మొదటి కాన్పు ఆమె చేతి మీదే జరిగింది. ఒకసారి ధర్మవరం నుంచి తిరిగి వస్తుంటే పాసింజరులోనే ఒక నేతవాళ్ల కోడలికి నొప్పులు వచ్చాయి. ధర్మవరంలో ఇద్దరుగా ఎక్కిన మొగుడూ పెళ్లాం పెనుకొండలో ముగ్గురై దిగారు. మూడో మనిషికి టికెట్టేదని టి.సి. ఎగతాళికి అడిగాడు. నల్లమ్మ చూసిన చూపుకు ఆయన ఆ రోజంతా మళ్లీ ఎవరినీ టికెట్టు అడగలేదు.

ఇక దొరగడ్డల దగ్గరికి వస్తాను.

గుంతకల్లు నుంచి వచ్చే పెద్దాఫీసరుకు తోటల పిచ్చి. ఏటా స్టేషను తోటలకు పోటీ పెట్టి, గెలిచిన స్టేషనుకు ఒక షీల్డు ఇచ్చేవాడు. ఆ మే నెలలో ఆయన ఊటీ నుంచి ఏవో పూలగడ్డలు తెప్పించి ధర్మవరానికి, పెనుకొండకు, హిందూపురానికి తలా ముప్పై పంచాడు. వాటికి ఇంగ్లీషు పేరు ఒకటి చెప్పాడు. మా స్టేషను మాస్టరు నరసింహులు గారు ఆ పేరును మూడుసార్లు మూడు రకాలుగా పలికి, నాలుక నొప్పి పుట్టి, చివరికి దొర ఇచ్చినవి కాబట్టి దొరగడ్డలు అనేశారు. చూడటానికి అచ్చం ఉల్లిగడ్డలే. ఎవరైనా పులుసులో వేస్తారేమోనని ఆయన బుట్ట మీద సున్నంతో "కూరకు కాదు" అని రాయించారు.

"ఇవి చిన్నగడ్డలు. మొదటి ఏడే పూయడం కష్టం" అన్నాడు ఆఫీసరు. "వానలు పోయేదాకా పొడిగా దాచి, సెప్టెంబరు ఆఖరున నాటండి. జనవరిలో వచ్చి చూస్తాను. ఎవరు పూయిస్తే షీల్డు వాళ్లది."

ఆయన బండి కదిలిందో లేదో మాస్టరు గారు నల్లమ్మను పిలిచారు.

"ఏమ్మే నల్లమ్మా, ఈ గడ్డలు నీకప్పజెప్తాండా. పూస్తే షీల్డు మనది. షీల్డిచ్చేపొద్దు దొర సంతోషంగా ఉంటాడు. ఆ సంతోషంలోనే నిన్ను పర్మనెంటు చేయమని నేనడుగుతా."

"పూయకుంటే?"

"పూయకుంటే నా చేతుల్లో ఏమీ లేదు. ఫిబ్రవరి ఒకటో తేదీకి టెంపరరీ వాళ్లనంతా తీసేయమని కాగితమొచ్చిండాది."

"తీసేస్తే నేను యాడికి పోవాల సామీ?"

"యాడికేముంది, ముదిగుబ్బకు. మీ తమ్ముని గొర్రెలు మేపుకో."

"నా తమ్ముని పెండ్లాం నన్ను చూస్తేనే తలుపేసుకుంటాది" అంది నల్లమ్మ. ఆ మాట నవ్వుతూనే అంది కానీ, బుట్ట ఎత్తుకునేటప్పుడు రెండు చేతులా గుండెకు హత్తుకుని ఎత్తుకుంది. నేను చూశాను. అప్పటినుంచి ఆ ముప్పై గడ్డల్లోనే ఆమె కొలువూ, ఆ గదీ ఉన్నాయి.

నా కొట్టు ముందు గోనెపట్ట పరిచి గడ్డలన్నీ దాని మీద పోసింది. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, కడుపుతో ఉన్న ఆడదాని పొట్ట చూసినట్టు వేళ్లతో తడిమింది. ఉన్నట్టుండి పెద్ద కేక పెట్టింది.

"ఒరే పుల్లయ్యా! ఇవి కనిండాయిరా!"

"గడ్డలు కనేదేందక్కా?"

"సూడు, ఈ తల్లి పక్కన పిల్లలు!"

నిజమే. కొన్ని గడ్డల పక్కన వెల్లుల్లి రెబ్బల్లాంటి చిన్న చిన్న గడ్డలు అతుక్కుని ఉన్నాయి. నల్లమ్మ రెండు కుప్పలు చేసింది. పిల్లలున్నవి పద్దెనిమిది. ఒంటిగా ఉన్నవి పన్నెండు.

"ఇవి బాలింతలు, అవి కన్నెలు" అని తేల్చేసింది. "ఎవురో పాపాత్ములు బాలింతల్ని పచ్చిగా ఎత్తుకొచ్చి రైల్లో ఏసినారు. గాలి తగిలుంటాది. పొగ పెట్టకుంటే ఈటికి సత్తువ యాడినుంచి వస్తాది? సత్తువ లేకుంటే పూలెట్ల పూస్తాయి?"

ఇక్కడ తెలియనివాళ్లకు ఒక మాట. మా వైపు కాన్పయిన ఆడదాన్ని నులక మంచం మీద పడుకోబెట్టి, మంచం కింద నిప్పుల కుండ పెట్టి, సాంబ్రాణీ వేపాకూ వేసి పొగ పట్టిస్తారు. ఒంట్లో చెమ్మ పోతుందని, బలం వస్తుందని. మనుషులకు పెట్టడం అందరికీ తెలుసు. గడ్డలకు పెట్టిన మంత్రసాని మటుకు ఈ భూమ్మీద నల్లమ్మ ఒక్కతే. ఇంకొకరు ఉన్నారని ఎవరైనా అంటే వాళ్లను నా దగ్గరికి పంపండి.

నేను నవ్వాను. నవ్వినందుకు నా చేతే నిప్పులు మోయించింది.

పద్దెనిమిది బాలింతల్నీ తన గదిలో నులక మంచం మీద వరుసగా పరిచింది. పైన గొర్రెబొచ్చు కంబళి కప్పింది. కింద కుండలో నిప్పులు, వాటి మీద వరిపొట్టు, ఎండు వేపాకు, వెల్లుల్లి పొట్టు, చిటికెడు సాంబ్రాణి. మంట లేస్తే నీళ్లు చిలకరించి అణిచేది.

"కాగకూడదురా. కాగితే ఉడుకుతాయి. పొగే తగలాల" అని చెయ్యి కంబళి కిందికి పోనిచ్చి వేడి చూసేది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, పదకొండు రోజులు.

"మరి ఆ పన్నెండింటికీ?" అని అడిగాను.

"సిగ్గు లేదేంట్రా నీకు? పెండ్లి కాని పిల్లలకు బాలింత పొగ పెడతారా ఎవురన్నా?"

ఆ కన్నెలు పన్నెండూ గూట్లో బుట్టలో హాయిగా కూర్చున్నాయి.

నాలుగో రోజు మాస్టరు గారు నిప్పంటుకుందనుకుని రెండు ఎర్ర బకెట్ల ఇసుకతో పరుగెత్తుకొచ్చారు. కంబళి ఎత్తి చూస్తే దొర ఇచ్చిన గడ్డలు బొగ్గుముక్కల్లా నల్లగా ఉన్నాయి.

"చంపేసినావు గదే! నేను దొరకేం జెప్పాల?"

"నేను పట్టిన కాన్పుల్లో ఒక్క బాలింతన్నా చచ్చిండాదా సామీ? మీ కోడలికి ఎవురు పెట్టినారు పొగ?"

"నా కోడలు గడ్డ కాదే!"

"కాకపోయినా ఇప్పుడు గడ్డ మాదిరే గుండంగా ఉండాది గదా!"

మాస్టరు గారు ఇసుక బకెట్లు తిరిగి మోసుకుంటూ వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర ఆగి, "జనవరిలో పూలు కనపడకపోతే దొరకన్నా ముందు నేనే నీ పేరు కొట్టేస్తా" అన్నారు.

ఈ వార్త హిందూపురం చేరడానికి ఒక్క పాసింజరు చాలింది. అక్కడి తోటమాలి హనుమంతరాయుడు బెంగుళూరు తోటల్లో పనిచేసి వచ్చినవాడు. తలపాగా గంజి పెట్టి కట్టేవాడు. ఎరువుల పేర్లు మంత్రాల్లా చదివేవాడు. మాటల్లో కన్నడం కలిపేవాడు. పనిగట్టుకుని రైలెక్కి వచ్చి, నల్లమ్మ గది ముందు నిలబడి, పొగ పీల్చి, దగ్గి, నా కొట్టుకొచ్చి టీ తాగాడు.

"ఏనప్పా పుల్లయ్యా, గడ్డలకు స్నానం కూడా చేయిస్తాదా మీ మంత్రసాని?"

"చేయిస్తాది. తర్వాత నామకరణం. మిమ్మల్నీ పిలుస్తాము, ఉయ్యాల్లోకి దుడ్లు తీసుకొని రాండి" అన్నాను నేను. ఎదుటివాడు బెంగుళూరువాడైనా నేను తగ్గే రకం కాదు.

"సుమ్మనే ఉండబ్బా. గడ్డకు కావాల్సింది ఎరువు. ఆముదం పిండి, బూడిద, మాగిన పెంట. జనవరిలో చూడు మా హిందూపురంలో."

ఆ రోజు నుంచి హిందూపురం వైపు నుంచి ఏ బండి వచ్చినా అందులో ఒక ఎగతాళి దిగేది. ఇంజను మీది ఫైర్‌మ్యాన్ అరిచేవాడు: "నల్లమ్మక్కా, బిడ్డ ఏడ్చినాడా?" నల్లమ్మ చెంబెత్తి అరిచేది: "ఏడ్చినాడు, మీ మామ హనుమంతరాయుడు యాడని అడుగుతాండాడు!" గూడ్సు గార్డు రామాంజినేయులు ఆ జవాబును భద్రంగా మోసుకుపోయి తిరుగు ప్రయాణంలో ఇంకో ప్రశ్న తెచ్చేవాడు. సరుకు కంటే ఈ మాటల బరువే ఎక్కువై ఆ వానాకాలమంతా గూడ్సు బండ్లు ఆలస్యంగా నడిచాయి.

సెప్టెంబరు ఆఖరున నల్లమ్మ ప్లాట్‌ఫారం చివర మడి తవ్వి ముప్పై గడ్డలూ నాటింది. బాలింతల మధ్య మధ్యలో కన్నెల్ని పెట్టింది, తోడుగా ఉంటారని. బండ్లకు పోయగా మిగిలిన నీళ్లు వాటికి. ఆ నెలలోనే ధర్మవరం సంగతి తెలిసింది. అక్కడ గడ్డల్ని వసారాలో పెట్టి మరిచిపోతే వాన జల్లుకు అన్నీ కుళ్లిపోయాయట. ఇక పోటీ మాకూ హిందూపురానికీ మధ్యే.

అక్టోబరులో ఆకులు వచ్చాయి. అక్కడా వచ్చాయి. హిందూపురం ఆకులు మా ఆకులకంటే జానెడు పొడవున్నాయని రామాంజినేయులు చెప్పాడు. నల్లమ్మ ఆ రోజు నీళ్లు పోస్తూ పోస్తూ ఒక ప్రయాణికుడి ఒళ్లో పోసింది.

డిసెంబరు పదిహేడు పొద్దున నేను పొయ్యి రాజేస్తున్నాను. మడి దగ్గరి నుంచి కేక వినపడింది. పాము కరిచిందనుకుని కర్ర తీసుకుని పరుగెత్తాను. నల్లమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

"తల కనపడతాందిరా!" అంది. కాన్పు గదిలో మంత్రసానులు అనే మాట అది.

ఆకుల మధ్య నుంచి వేలంత లావు కాడ, దాని కొసన పొర కప్పిన మొగ్గ. ఒకటి కాదు. వారం తిరిగేసరికి పదిహేడు! మా మాస్టరు గారు రోజుకు మూడుసార్లు వచ్చి లెక్కపెట్టుకుని పోయేవారు. లైన్ క్లియరు పుస్తకంలో బండి నంబరు రాయాల్సిన చోట ఒకసారి పదిహేడు అని రాసేశారు కూడా.

జనవరి రెండున అవి విచ్చుకున్నాయి. ఒక్కో కాడకు ఏడెనిమిది తెల్లని పూలు. ప్రతి పువ్వు నడుమా పసుపుపచ్చని చిన్న గిన్నె. ఇక ఆ వాసన! గూడ్సులో కట్టేసిన ఎద్దులు మేత మానేసి ముక్కులు బయట పెట్టాయి. పాసింజరులో మూడు రోజుల జ్వరంతో పోతున్న ముసలాయన కిటికీలోంచి గాలి పీల్చి, లేచి కూర్చుని, నా దగ్గర రెండు వడలు కొని తిన్నాడు. ఇందులో వడల సంగతికి నేనే సాక్షిని.

కన్నెలు పన్నెండూ మాత్రం ఆకులతోనే ఉన్నాయి. ఆ తొందరలో వాటిని ఎవరు పట్టించుకున్నారు?

ఆఫీసరు రావలసింది ఎనిమిదో తేదీన. నాలుగో తేదీ మధ్యాహ్నం ఫోను మోగింది. మాస్టరు గారు విని, పెట్టేసి, మా దగ్గరికి వచ్చారు.

"దొర ఎనిమిదికి రాడంట. ఇరవై ఎనిమిదికి వస్తాడంట."

నల్లమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. పువ్వు నిలిచేది పది రోజులు, మహా అయితే పన్నెండు. ఇరవై ఎనిమిది నాటికి మడిలో ఎండు కాడలు తప్ప ఏమీ ఉండవు. ఆ తర్వాత నాలుగు రోజులకే ఒకటో తేదీ. ఎండు కాడలు చూపించి, ఇవి పూశాయని చెబితే ఎవరు నమ్ముతారు? అందులోనూ చెప్పేవాళ్లలో నేనొకణ్ణి!

రెండు రోజులు ఆమె పూల మీద తడి గోనెలు కట్టి ఎండ తగలకుండా కాసింది. ఆరో తేదీ పొద్దున మళ్లీ ఫోను. ఆఫీసరు సొంత పనిమీద స్పెషలు బండిలో బెంగుళూరు పోతున్నాడు. పన్నెండు గంటలకు పెనుకొండ దాటుతుంది. ఇక్కడ ఆగదు. హిందూపురంలో ఇంజనుకు నీళ్లు పట్టడానికి పది నిమిషాలు ఆగుతుంది.

"ఎర్రజెండా ఊపి ఆపు సామీ!" అంది నల్లమ్మ.

"ఊపితే నువ్వొక్కదానివే కాదు, నేనూ మీ తమ్ముని గొర్రెలే మేపాల!"

నల్లమ్మ పోయి పార, కంకర మోసే ఇనుప తట్ట తెచ్చి మడిలో దిగింది.

"ఏం చేస్తాండావే?"

"పూలు ఆయప్ప కాడికే తీసకపోతా. తొమ్మిదిన్నర గూడ్సు ఉండాది గదా."

"తోట తవ్వితే షీల్డు రాదే!"

"షీల్డు నీకు సామీ. కొలువు నాకు" అంది తలెత్తకుండా.

మాస్టరు గారు ఆమె వైపు చూశారు, మడి వైపు చూశారు. తర్వాత వెనక్కి తిరిగి ఆఫీసు గదిలోకి పోతూ, "నేను రిజిస్టరు రాసుకుంటాండా. నాకు బయట ఏం జరిగేదీ కనపడదు" అన్నారు. అంతటి మనిషి ఆయన.

మట్టిగడ్డతో సహా ఏడు పూలమొక్కల్ని తట్టలోకి ఎత్తింది. చివరి పారకు పక్కనున్న కన్నె ఒకటి కూడా అదే మట్టిలో కలిసి వచ్చింది. విడదీసే తీరిక లేదు. తట్ట ఒక వైపు నేను, ఒక వైపు ఆమె పట్టుకుని గూడ్సు చివరి పెట్టెలో ఎక్కాం. టీ కొట్టు మా ఆవిడకు అప్పగించాను. గార్డు రామాంజినేయులు అడ్డం చెప్పలేదు. వాళ్ల చెల్లెలి ఇద్దరు బిడ్డల్నీ పట్టింది నల్లమ్మే.

చాకర్లపల్లి దాటాం. గాలికి పూలు ఊగకుండా నల్లమ్మ కంబళి తెరలా పట్టుకుని నిలబడింది. మలుగూరు వచ్చింది. బండి పక్క లైనులోకి తిరిగి ఆగిపోయింది. పావుగంటైంది, అరగంటైంది, గంట దాటింది.

"రామాంజినేయులూ, ఏంటికబ్బా ఆపినారు?"

"స్పెషలుకు దారియ్యాలంట. అది పోయినాకే మనం" అన్నాడు గార్డు నేల చూస్తూ.

అంటే ఆఫీసరు మా కళ్ల ముందే దూసుకుపోతాడు. హిందూపురంలో పది నిమిషాలు ఆగి వెళ్లిపోతాడు. మేము ఆ తర్వాత తీరిగ్గా పోయి ఖాళీ పట్టాలకు పూలు చూపించాలి!

"దిగరా పుల్లయ్యా!" అంది నల్లమ్మ. నేను దిగేలోపలే తట్ట ఆమె నెత్తి మీద ఉంది. కంపచెట్ల మధ్య నుంచి రోడ్డు మీదికి పరుగెత్తింది. వెనక నేను. సంతకు పోయే బెల్లం లారీ ఒకటి వస్తోంది. నల్లమ్మ దారి మధ్యలో నిలబడింది. డ్రైవరు బ్రేకు కొట్టి, తల బయట పెట్టి తిట్టబోయాడు. పూల వాసన తగిలిందో, ఆమె ముఖం చూశాడో గానీ, "ఎక్కమ్మా" అన్నాడు.

బెల్లం దిమ్మెల మీద కూర్చున్నాం. కింద బెల్లం, పైన పూలు. దారిలోని తేనెటీగలకు పిచ్చెక్కింది. లారీ వెనక ఒక నల్లని మబ్బులాగా వెంటపడ్డాయి. వాటిలో సగం హిందూపురం చేరేదాకా వదల్లేదు. ఆ భయానికే డ్రైవరు అంత వేగంగా తోలాడు. పక్కన పట్టాల మీద స్పెషలు మమ్మల్ని దాటుకుంటూ పోయింది. నల్లమ్మ తట్ట అంచు ఇంకా గట్టిగా పట్టుకుంది.

మేము హిందూపురం స్టేషను చేరేసరికి ఇంజను నీళ్లు తాగుతోంది. ఆఫీసరు కాళ్లు సాగదీసుకోవడానికి దిగి, హనుమంతరాయుడి మడి ముందు నిలబడి ఉన్నాడు. ఆకులు మోకాలి ఎత్తున, దువ్వినట్టు ఉన్నాయి.

"ఆకు భేషుగ్గా ఉంది. పువ్వేదయ్యా?"

"వస్తాది సార్. వచ్చే ఏటికి తప్పకుండా" అంటున్నాడు హనుమంతరాయుడు.

"ఈ ఏటిది ఈడ ఉండాది దొరా!"

ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసింది. నల్లమ్మ తట్ట దించి ఆయన బూట్ల ముందు పెట్టింది. ఆఫీసరు వంగాడు. తర్వాత ప్యాంటు సంగతి మరిచిపోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇవి నేనిచ్చినవేనా? ఇంత చిన్నగడ్డలు పూశాయా! ఏం వేశావమ్మా?"

"ఏమీ ఎయ్యలేదు దొరా. పొగ పెట్టినా."

హనుమంతరాయుడు పకపకా నవ్వాడు. "సార్, అంతా మట్టి మహిమ సార్. పెనుకొండ మట్టి మంచిది. పొగతో పువ్వు పూస్తాదా యాడన్నా?"

ఆఫీసరు నవ్వలేదు. తట్టలోని ఎనిమిదో మొక్కను వేలితో తాకాడు. "మరి ఇది ఎందుకు పూయలేదు? ఇదీ ఆ మట్టిలోదే కదా?"

"దానికి పొగ పెట్టలేదు" అంది నల్లమ్మ.

"ఎందుకని?"

"అది కన్నెపిల్ల దొరా! పిల్లల్ని కన్న పద్దెనిమిదింటికే పెట్టినా. వాటిల్లో పదిహేడు పూసినాయి. పెట్టని పన్నెండిట్లో ఒక్కటీ పూయలే. మీరే పొయ్యి లెక్కబెట్టుకోండి."

ఆఫీసరు ఎంత పెద్దగా నవ్వాడంటే ఆయన ప్రయాణించే సెలూను పెట్టెలోంచి వంటమనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఎక్కడో దీవుల్లో పూలతోటల మీద గడ్డి కాల్చి పొగ పెడతారని చదివాను" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఎందుకు పూస్తాయో మాత్రం నాకూ సరిగా తెలియదు. కొన్నింటికి పెట్టి, కొన్నింటికి పెట్టకుండా ఉంచావు చూడు, అది పెద్ద చదువులు చదివినవాళ్లు చేసే పని. నీకేం కావాలో అడుగు."

అక్కడ నల్లమ్మకు గొంతు పెగల్లేదు! ఇంజనును మించి అరిచే మనిషి. ఏడెనిమిది నెలలుగా దాచుకున్న మాట నోట్లోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇంజను కూత వేసింది. గార్డు జెండా విప్పాడు. నేను వెనక నుంచి, "అడగక్కా!" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆమె కొలువు నిలబెట్టింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటాను. నిజానికి ఆమె నా మాట విననే లేదు.

"ఫిబ్రవరికి నన్ను తీసేస్తారంట దొరా" అంది మెల్లగా. "తీసేయొద్దు. నన్ను పెనుకొండలోనే ఉండనియ్యండి. నీళ్లు పోస్తా, తోట చూస్తా. కాన్పులు ఎట్లాగూ చేస్తానే ఉండా."

ఆయన జేబులోంచి పుస్తకం తీసి, పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసి, ఆ కాగితం చింపి హిందూపురం స్టేషను మాస్టరు చేతికిచ్చాడు. "ఈమె పేరు తోటపనికి పర్మనెంటుగా రాయమని గుంతకల్లుకు ఇప్పుడే వైరు కొట్టించండి" అంటూ కదులుతున్న బండి ఎక్కాడు. ఒక పూలకాడ కావాలని చెయ్యి చాపాడు. నల్లమ్మ పరుగెత్తి ఒకటి తుంచి ఇచ్చింది.

బండి పోయాక ఆమె ప్లాట్‌ఫారం మీద చతికిలబడి ఏడ్చింది. హనుమంతరాయుడు తలపాగా సర్దుకుంటూ చుట్టూ తిరిగాడు. ఏమనాలో తోచక తన నీళ్ల డబ్బా తెచ్చి తట్టలోని మొక్కలకు పోశాడు.

"మట్టి ఎండిపోయిండాది గదమ్మా. ఇట్ల మోసుకొస్తారా ఎవురన్నా?" అని కసిరాడు. ఆ కసురులో ఎగతాళి లేదు.

సాయంత్రం పాసింజరుకు తిరిగి వచ్చాం. మాస్టరు గారు గేటు దగ్గరే ఉన్నారు. కొలువు సంగతి చెబితే మీసం కింద నవ్వారు. మడిలోని గుంతలు చూసి ఆ నవ్వు మింగేశారు. ఇరవై ఎనిమిదిన ఆఫీసరు వచ్చాడు. మా మడిలో ఎండు కాడలు, గుంతలు. షీల్డు తోటకే గానీ తట్టకు కాదన్నాడు. అది ధర్మవరం పోయింది, బంతులూ కనకాంబరాలూ పెట్టినందుకు. మాస్టరు గారు మూడు రోజులు నల్లమ్మతో మాట్లాడలేదు. నాతో అయితే వారం. తట్ట మోసినందుకు.

ఒకటో తేదీకి టెంపరరీ వాళ్లు పోయారు. నల్లమ్మ పోలేదు. పదో తేదీన గుంతకల్లు నుంచి ఫారం వచ్చింది. మాస్టరు గారు కళ్లద్దాలు పెట్టుకుని ఆమెను ఎదురుగా నిలబెట్టారు.

"పేరు నల్లమ్మ. మొగుని పేరు మల్లప్ప. నువ్వు పుట్టిన తేదీ?"

నల్లమ్మ బిత్తరపోయింది. పెనుకొండలో సగం మంది పుట్టిన రోజు, పూట, వాన పడిందో లేదో కూడా చెప్పగల మనిషి!

"నాకేం తెలుసు సామీ? నన్ను పట్టింది మా అవ్వ. ఆమె పొయ్యి ఇరవై ఏండ్లాయె."

"తేదీ లేకుంటే ఫారం తిరిగొస్తాదే. కరువు సంవత్సరమా? ఏమన్నా గుర్తుండాదా?"

"మావైపు కరువు లేని సంవత్సరం యాడుండాది?"

మాస్టరు గారు కలం కొరుక్కుంటూ లెక్క వేశారు. వయసు ఎక్కువ రాస్తే కొలువు తొందరగా అయిపోతుంది. తక్కువ రాస్తే గుంతకల్లులో నమ్మరు. అవతల పాసింజరు కూత వినిపించింది.

"నీకు నచ్చింది రాయి సామీ. బండొస్తాండాది" అని నల్లమ్మ ఎడమచేతి బొటనవేలికి సిరా పూయించుకుని, ఫారం మీద ఒత్తి, ఆ వేలిని చీర కొంగుకు తుడుచుకుంటూనే చెంబు అందుకుని పరుగెత్తింది. మాస్టరు గారు ఆమె వయసులో మూడేళ్లు తగ్గించి రాశారు.